ఉగ్గాని అంగడి మంత్రగత్తె

అమ్మేవాడి నోట ‘తెలీదు’ అన్న మాట రాకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా పై అధికారి నాకు చెప్పిన పాఠం ఇది. నేను బుద్ధిమంతుడైన శిష్యుణ్ని. ఇరవై ఏళ్లపాటు ఆ మాట నా నోట రానివ్వలేదు. అడిగినదానికల్లా తల ఊపాను, తెలియనిదానికి ఇంకాస్త గట్టిగా ఊపాను. ఆ ఊపుడు వల్ల ఒక పెద్దావిడ నలుగురి ముందు తల దించుకోవలసి వచ్చిన రోజొకటి ఉంది. అమ్మకాల ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోతే కథ అనుకుని చదవండి, నాకేం బాధ లేదు.

ఇళ్లలో చూసుకునే సినిమా డిస్కులు అమ్మే ఒక కంపెనీకి కర్నూలు, కడప జిల్లాల్లో నేనే ప్రతినిధిని. మీరిప్పుడు ఫోను మీద వేలు ఆనిస్తే సినిమా మొదలవుతుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో అలా కాదు. టేపులు అటకెక్కి డిస్కులు దిగిన కాలం అది. ఈ వారం ఆలూరు అయితే వచ్చే వారం బద్వేలు. భుజాన ఒక సంచి, సంచిలో బొమ్మల క్యాటలాగు, ఆర్డరు పుస్తకం, ఒక తువ్వాలు. బస్సు దిగిన ప్రతి ఊళ్లోనూ నా మొదటి పని ముఖం మీది దుమ్ము దులుపుకోవడం, రెండో పని నవ్వడం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మజిలీ బనగానపల్లె. బస్టాండు ఎదురు వీధిలో ఒక శెట్టి అంగడి ఉండేది. తాతల నాటి అంగడి. అందులో సగం నులకతాళ్లు, బొక్కెనలు, జల్లెడలు. మిగతా సగం సినిమా డిస్కులు. తాడు కొనడానికి వచ్చిన రైతు సినిమా కొనుక్కుని పోయేవాడు, సినిమాకు వచ్చిన కుర్రాడు తల్లి చెప్పిందని జల్లెడ పట్టుకుపోయేవాడు. శెట్టికి యాభై ఏళ్లుంటాయి. మంచివాడే గాని ఎదుటివాణ్ని ఆటపట్టించకపోతే మధ్యాహ్నం అన్నం సహించేది కాదు.

ఆ ఊరికి ఒక అలవాటు ఉంది. ఏ వస్తువునీ చూడకుండా కొనరు. మామిడిపండ్ల ఊరు కదా, కోసి ముక్క నోట్లో పెట్టందే గంప దింపనివ్వరు. డిస్కులకూ అదే చట్టం. అట్ట మీద ఎంత అందమైన బొమ్మ వేసినా ‘ఏసి చూపీ’ అంటారు. అందుకని శెట్టి అంగట్లో ఒక టీవీ, ఒక ప్లేయరు, ఒక ఇనుప కుర్చీ ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. కొనేవాడు ఆ కుర్చీలో కూర్చుని ఓ పాట, ఓ ఫైటు చూసి, తృప్తిపడి, అప్పుడు జేబులో చెయ్యి పెట్టేవాడు.

అంగడికి ఎదురుగా ఒకావిడ ఉగ్గాని, బజ్జీ అమ్మేది. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి, నీళ్లు పిండేసి, పోపేసి, పప్పులపొడి చల్లి చేసే ఉగ్గానిని సీమ బయటివాళ్లు ఉప్మా అనుకుంటారు. ఒక్కసారి తింటే ఆ తప్పు మళ్లీ చెయ్యరు. ఆమెకు అరవై అయిదు దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలి ఇంట్లో ఉండేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టి. ‘బజ్జీ వేడిగా ఉండాది రాండప్పా’ అంటే బస్సులో కిటికీ పక్కన కునికేవాడు కూడా లేచి కూర్చునేవాడు.

ఒక ఏడాది ఎండాకాలానికి ముందు మా కంపెనీ పాత బొమ్మల సినిమా ఒకటి మళ్లీ బయటికి తెస్తున్నామని ప్రకటించింది. మనుషులు నటించింది కాదు, గీసిన బొమ్మలే కదిలే సినిమా. ఒక రాజకుమారి ఉంటుంది. ఎప్పుడూ కిలకిలా నవ్వుతూ ఉంటుంది. ఒక ముసలి మంత్రగత్తె ఆ నవ్వును ఎత్తుకుపోయి మూటగట్టుకుంటుంది. ఆ మూట వెతుక్కుంటూ రాజకుమారి అడవులూ కొండలూ తిరగడమే కథ. నా చిన్నప్పుడు ఆ సినిమాను తెలుగులో మాట్లాడించి హాళ్లలో వేశారు. మా అమ్మ నన్ను కర్నూలులో నేల టిక్కెట్టుకు తీసుకుపోయింది. మంత్రగత్తె మాట్లాడినప్పుడల్లా నేను అమ్మ కొంగులో దూరాను. ఆ రోజు అమ్మ చీరకున్న వంటింటి వాసన నాకిప్పటికీ గుర్తే. అందుకే క్యాటలాగులో ఆ బొమ్మ చూసినప్పుడు నలభై ఎనిమిదేళ్ల మనిషినన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

ఆ క్యాటలాగు శెట్టి బల్ల మీద పరిచి నా పాఠం మొదలుపెట్టాను. ఇంతలో ఎదురంగడి ఆవిడ నాకు ఉగ్గాని ప్లేటు తెచ్చి పెట్టింది. వెళ్లబోతూ బొమ్మ చూసి ఆగింది. వంకర ముక్కు, భుజాన మూట, మంత్రగత్తె.

“ఇది నేనే గదా,” అంది.

శెట్టి పకపకా నవ్వాడు. “ముక్కు చూస్తే అట్లనే ఉండాదిలే అక్కా.”

“ముక్కు కాదప్పా. దీని గొంతు నాది.”

“ఇంగ మొదలాయ!” అని శెట్టి నా వైపు తిరిగాడు. “సార్, ఈ యమ్మ వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఉండెనంట. సినిమాలో మాట్లాడెనంట. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి ఇంటాండా. ఏ సినిమా అంటే బొమ్మల సినిమా అంటాది. పేరు పడిందా అంటే లేదంటాది. సాక్ష్యం యాడుంది అంటే గమ్మునుంటాది. ఊరంతా నగుతాది.”

ఆవిడ కోపగించుకోలేదు. చేతిలోని గరిటె పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, మంత్రగత్తె బొమ్మ వైపు చూస్తూ అంది.

“నీ నగువు నా మూటలో ఉండాది పిల్లా. యాడుంటానో ఎతుక్కో పో!”

అదే గొంతు. పదేళ్ల పిల్లవాణ్ని అమ్మ కొంగులో దూర్చిన గొంతే. ప్లేటులో చెయ్యి అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆమె తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేదట. ఎవరో చెబితే మద్రాసు పోయిందట. ముఖం సినిమాకు పనికిరాదన్నారట గాని, గొంతు బాగుందని గుంపులో అరుపులకు, ఏడుపులకు పిలిచేవారట. అలా ఉండగా ఈ బొమ్మల సినిమా వచ్చింది. “రాజకుమారికి పుస్తకంలో తెలుగు పెట్టినారు నాయనా. మంత్రగత్తెకేమో మన సీమ తెలుగు కావాలన్నారు. చెడ్డది గదా, మన మాట అయితే బాగుంటాదని. ఆ పొద్దు రూముకు పోయి ఏడిస్తి. అయినా సినిమా వచ్చినాక నంద్యాల హాల్లో కూర్చుంటే, నేను నోరు తెరిస్తే చాలు, మనోళ్లు ఈలలే ఈలలు. అప్పుడు నాకు ముప్పై ఏండ్లు. ముసలి గొంతు కోసం గొంతు బొంగురు చేసుకుంటా ఉంటి. ఇప్పుడు ఆ కష్టం లేదు.” అని తానే నవ్వింది.

నవ్వాక నన్ను అడిగింది. “నాయనా, నీ డిస్కులో నా గొంతు వస్తాదా? పోయేలోపల ఒక్కసారి ఈ ఊరికి ఇనిపియ్యాలని ఉండాది.”

ఇక్కడ ఆగండి. ఇదీ నా కథలో నేను తొక్కిన అడుసు. క్యాటలాగులో ‘తెలుగులో’ అని ఒక్క మాట ఉంది, అంతే. పాత తెలుగా, కొత్తగా మాట్లాడించారా, నాకు తెలీదు. ఆఫీసుకు ఒక్క ఫోను చేస్తే తెలిసేది. కాని ఎదురుగా ఆవిడ ముఖం వెలుగుతోంది. పక్కన శెట్టి చేతిలో ఆర్డరు రాయడానికి పెన్ను ఉంది. నా తల దానంతట అదే ఊగింది.

“ఎందుకు రాదమ్మా? అదే సినిమా, అదే బొమ్మ. ఖచ్చితంగా నీ గొంతే వస్తుంది,” అన్నాను.

శెట్టి బల్ల మీద చరిచాడు. “అట్లయితే పందెం అక్కా. డిస్కు వచ్చిన పొద్దు టీవీ అంగడి బయట పెడతా. మైకు పెడతా. ఊరంతా పిలుస్తా. నీ గొంతు వచ్చిందా, నీ కాళ్లకు మొక్కుతా. రాలేదా, ఇంగ ఈ జన్మలో నీ నోట మద్రాసు మాట రాకూడదు. సరేనా?”

“సరేనప్పా,” అందావిడ. చాలా నిబ్బరంగా అంది. అది నా మాట మీద నిబ్బరమని నాకు అప్పుడు తట్టలేదు.

డిస్కుల పెట్టె విడుదల తేదీకి ముందురోజు సాయంత్రం కర్నూలుకు వచ్చింది. ఒకటి విప్పి చూడవచ్చు. సీలు తీస్తే ఆ ఒక్కటీ అమ్ముడుపోదని నాకు నేను సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. విప్పితే నిజం తెలిసిపోతుంది. పెట్టె అలాగే కట్టి, పొద్దున మొదటి బస్సెక్కాను.

శెట్టి అన్నంతా చేశాడు. రెండు రోజులుగా ఆటోకు మైకు కట్టి ‘మన ఊరి ఆడకూతురు గొంతు వినండి’ అని తిప్పాడట. మామిడికాయల కాలం, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి ఉన్నారు. అంగడి ముందు బల్ల మీద టీవీ, పక్కన ఇంత ఎత్తు సౌండు పెట్టె. ఇనుప కుర్చీ మొదటి వరసలోకి వచ్చింది. అందులో ఆవిడ. ఎదురుగా ఆమె పొయ్యి ఆరిపోయి ఉంది. ఇన్నేళ్లలో ఆ పొయ్యి ఆరగా ఎవరూ చూడలేదట. నిమ్మపండు రంగు పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, చేతులు వొళ్లో పెట్టుకుని బడిపిల్లలా కూర్చుంది. నన్ను చూసి “రా నాయనా, నీ కోసమే చూస్తాండా” అంది.

శెట్టి సీలు తీసి డిస్కు వేశాడు. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. రంగులు చూసి జనం ఆహా అన్నారు. రాజకుమారి వచ్చింది, నవ్వింది, పావురాలకు గింజలు వేసింది. అడవి వచ్చింది. ఉరుము ఉరిమింది. మంత్రగత్తె మూట భుజాన వేసుకుని చెట్టు చాటు నుంచి బయటికొచ్చి నోరు తెరిచింది.

“నీ చిరునవ్వు ఇకపై నా సొంతం, రాకుమారీ! వీలైతే వెతుక్కో!”

ఎవరో చిన్నవయసు అమ్మాయి గొంతు. శుభ్రంగా, సన్నగా, వార్తలు చదివినట్టు ఉంది.

వెనక నుంచి ఎవడో “అవ్వా, గొంతుకు పథ్యం చేసినావా ఏమి?” అన్నాడు. గుంపంతా గొల్లుమంది. నేను తేలు కుట్టిన దొంగలా సౌండు పెట్టె వెనక నిలబడిపోయాను. ‘తప్పు నాది, ఈమెది కాదు’ అని ఆరు మాటలు కూడా లేని వాక్యం చెప్పాలి. నాలుక పైకి లేవలేదు. కంపెనీని తిట్టే మాటలు మాత్రం వరసగా గుర్తొస్తున్నాయి. మనిషి ఎంత నీచుడో నాకు ఆ రోజు నన్ను చూసుకునే తెలిసింది.

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. కోపం ఉంటే బాగుండేది. లేదు. కిందికి వంగి కుర్చీ కింద చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

అప్పుడు శెట్టి ఒక పని చేశాడు. దయతో చేశాడో, ఇంకా ఆటపట్టించాలని చేశాడో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగితే ఆయన కూడా చెప్పలేడనుకుంటాను. టీవీ గొంతు పూర్తిగా నొక్కేశాడు. బొమ్మను వెనక్కి తిప్పాడు.

“అక్కా, చెప్పులు ఉండనీ. బొమ్మ అదే, నోరు అదే. నువ్వు చెప్పు, చూద్దాం,” అని మైకు అందించాడు.

“నాటకాల్లో మైకు యాడిదప్పా,” అందావిడ మెల్లగా. మైకు తీసుకోలేదు. లేచి నిలబడింది.

మంత్రగత్తె చెట్టు చాటు నుంచి వచ్చింది. నోరు తెరిచింది, మూసింది. ఈవిడ మాట ఆ తర్వాత బయటికొచ్చింది. వణికింది కూడా. మళ్లీ నవ్వులు. నేను కళ్లు మూసుకున్నాను.

“ఇంగోసారి తిప్పు,” అంది.

శెట్టి తిప్పాడు. ఈసారి ఆవిడ టీవీకి రెండడుగులు దగ్గరికి జరిగి, చెట్టు ఆకు కదలగానే ఊపిరి పట్టింది. మంత్రగత్తె నోరూ ఆమె నోరూ ఒకేసారి తెరుచుకున్నాయి.

“నీ నగువు నా మూటలో ఉండాది పిల్లా! యాడుంటానో ఎతుక్కో పో!”

ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగారు. నవ్వినవాడు నోరు మూశాడు. ఆ తర్వాత ఆవిడ ఎవరివైపూ చూడలేదు. మంత్రగత్తె తిడితే తిట్టింది, దగ్గితే దగ్గింది, గుడ్లగూబను బుజ్జగిస్తే బుజ్జగించింది. దాదాపు నలభై ఏళ్ల కిందటి మాటలు, ఒక్కటీ పోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎక్కడ పళ్లు కొరకాలో అక్కడ కొరికింది. శెట్టి మంత్రగత్తె ఉన్న చోట్లన్నీ వెతికి వెతికి వేశాడు. చివర్లో ఓడిపోయిన మంత్రగత్తె మూట విప్పుతూ “తీసుకో పిల్లా, నాకు నగేది రాదు, నగువును దాచిపెట్టుకుంటే మాత్రం వస్తాదా” అంటుంది. ఆ మాట దగ్గర ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచడం దేనికి? ఆ రోజు పడ్డ ఈలలకు బస్టాండు కాకులన్నీ లేచిపోయాయి. సినిమాల్లో చెడ్డవాళ్ల కోసం వాడుకునే మా మాటకు అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు.

శెట్టి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె కాళ్ల దగ్గర వంగాడు.

“లెయ్యప్పా, డిస్కులో రాలేదు గదా,” అందావిడ.

“గొంతు వస్తే మొక్కుతా అంటి. వచ్చింది. యాడనుంచి వచ్చిందనేది నీకెందుకు?” అన్నాడు శెట్టి. పందెంలో కూడా షావుకారు షావుకారే.

ఆ ఊపులో పెట్టెలో ఉన్న డిస్కులన్నీ అక్కడికక్కడే అమ్ముడుపోయాయి. జనం పలచబడ్డాక నేను ఆమె దగ్గరికి పోయాను. అప్పటికే పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి పొయ్యి రాజేస్తోంది.

“అమ్మా, తప్పు నాది. తెలీకుండానే తెలిసినట్టు చెప్పాను,” అన్నాను. నా సర్వీసులో ఆ మాట అన్నది అదే మొదటిసారి.

ఆమె పొయ్యి ఊదడం ఆపింది. “నువ్వు తెలీదని చెప్పింటే నేను ఈ పొద్దు ఆ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు నాయనా. నోరూ తెరిచేదాన్ని కాదు. అట్లని నీది మంచి పని కాదు. చెప్పులు దొరికింటే పోయింటి నేను. పోయింటే ఇంగ ఈ వీధిలో అంగడి పెట్టేదాన్నా?” అంది. మళ్లీ పొయ్యి ఊది, “ఉగ్గాని అయ్యేకి కొంచెం సేపు పడతాది, కూర్చో. తినకుండా పోవద్దు” అంది.

కూర్చున్నాను. తిన్నాను. ఇంత కారం ఎప్పుడూ వెయ్యదే అనుకుంటూ తిన్నాను.

నెల తర్వాత మళ్లీ బనగానపల్లె పోయాను. శెట్టి నన్ను చూసీ చూడగానే బల్ల కింది నుంచి డిస్కులు ఒక్కొక్కటే తీసి నా ముందు పేర్చాడు. అన్నీ ఆ సినిమావే. సీలు తీసినవి.

“ఏమైంది? ఆడలేదా?” అన్నాను.

“శానా బాగా ఆడతాండాయి. వాపసు తీసుకోమని ఊరు నా ప్రాణం తీస్తాండాది.”

సంగతేమిటని అడిగే లోపల ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని అంగడి మెట్లెక్కింది. పైట కింద నుంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఆమెకు నచ్చజెప్పబోయాను. ఆ కాలంలో నకిలీ డిస్కుల బెడద చాలా ఉండేది. అసలుదేదో గుర్తుపట్టడానికి మా కంపెనీ అట్ట మీద మెరిసే ముద్ర వేసేది. ఆ ముద్ర చూపించి, “అమ్మా, ఇది కంపెనీ సరుకు. అసలైనదే. ఏ లోపమూ లేదు” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“ఇది అసలుది కాదప్పా. నా బిడ్డ ఒక్క మాట ఇని నిలిపేసింది. అసలుది ఆ యమ్మ కాడ ఉండాది.” అని ఎదురుగా పొయ్యి ముందు కూర్చున్న ఆవిణ్ని చూపించింది.

నేను ముద్ర మీద నుంచి వేలు తీసేశాను. డిస్కులన్నీ సంచిలో వేసుకుని వాపసు రాసి ఇచ్చాను.